మందం

మిషన్ లోపల ఒక ఆడగొంతు ఉంది,
హిందీలో ఊపిరి పీల్చమంటుంది, హిందీలోనే వదలమంటుంది.
చేరిన మొదటి వారమే దాని నోరు నొక్కేశాను.
కర్నూలు పెద్దాసుపత్రిలో, గాజు కిటికీకి ఇవతల,
రోజుకు నలభైసార్లు నేనే చెప్తాను:
"గాలి పీల్చు పెద్దాయనా. బిగబట్టు. కదలొద్దు."

ఈ పొద్దు పదకొండో నంబరు హుసేనప్ప.
ఊరు తాడిపత్రి. వయసు యాభై నాలుగు.
మూడు నెలల దగ్గు, గళ్ళలో నెత్తుటి జీర,
తొమ్మిది కిలోల తరుగు.
వృత్తి అన్న గడి ఖాళీ.
ఆ గడిని చేతులు పూరించాయి:
గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో,
ఏ సబ్బూ చేరని చోట సన్నటి బూడిదరంగు పొడి.

"బండల ఫ్యాక్టరీనా?"
"ముప్పై ఏండ్లు సార్. కోత మిషను."
"బీడీ?"
"పెండ్లయినాక ఈయమ్మ మాన్పించె.
దుమ్ము మాన్పించేటోళ్ళు యాడుంటారు సార్."
సుంకులమ్మ నవ్వలేదు.
ఆయన మొలతాడు, తాయెత్తు, రాగి కడియం
కొంగున ముడేసుకుని
తలుపు అవతల గోడకు ఆనుకుంది.

మందు ఎక్కుతుంది, ఒళ్ళంతా వేడి పాకుతుంది,
ఒంటేలు జారినట్టు ఉంటుంది, జారదు, భయపడొద్దు
అని నేను పాఠం ఒప్పజెపుతుంటే అడ్డొచ్చాడు.
"మీ మిషను ఎన్ని ఎమ్మెమ్ కోస్తాది?"
ఇరవై ఏళ్ళలో ఎవరూ అడగలేదు.
"ఐదు. కావాలంటే ఒకటిన్నర."
"ఒకటిన్నరకు మా రాయి నిలవదు."
చేతులు తలవెనక, చూపు పైకప్పు మీద,
ఒక పనోడు ఇంకో పనోణ్ణి అడిగినట్టే:
"నీళ్ళు పెడతారా బ్లేడుకు?"
"పెట్టం."
"నీళ్ళు లేని కోత మంచిది కాదు సార్."

బల్ల లోపలికి జరిగింది.

నలుపంటే గాలి. తెలుపంటే ఎముక.
మధ్యలో ఉన్న బూడిదరంగులన్నీ మా అన్నం.
కుడి ఊపిరితిత్తి పైభాగాన
కంపచెట్టు అంచుతో ఒక ముద్ద.
ఒక కొన నుంచి ఇంకో కొనకు గీత లాగాను:
నలభై ఆరు మిల్లీమీటర్లు.
గాలిగొట్టం చీలేచోట గ్రంథి ఒకటి,
చింతగింజను మించింది.
కాలేయం నున్నగా ఉంది.
మూత్రపిండాల నెత్తిన రెండు టోపీలూ సన్నగానే ఉన్నాయి.
ఇక్కడ లేదు, ఇక్కడా లేదు అని
లోలోపల వేళ్ళు మడుస్తున్నాను.
అప్పుడు కనబడింది వీపువైపు,
వెల్లకిలా పడుకున్న మనిషి అడుగున
నెలవంకలా చేరిన నీరు.

ముద్ద సైజుకు ఒక అక్షరం, గ్రంథులకు ఒకటి,
దూరం పాకినదానికి ఒకటి.
పక్కన అంకెలు. అన్నీ కలిస్తే మెట్టు.
ఆ నీటిలో ఏముందో సూది చెప్పాలి.
ఆ కణమే గనక ఉంటే
మిగతా అంకెలు ఎంత బుద్ధిగా ఉన్నా
మెట్టు మారిపోతుంది, చివరిదాకా.
నేను చెప్పకూడదు. ఫోటోలు తీసేవాణ్ణి.
రిపోర్టు రేపు మధ్యాహ్నం, రెండో కౌంటరు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు:
"నాది ఎన్నో నంబరు సార్?
మాకు మూడుంటాయి.
ఒకటో నంబరు బెంగుళూరుకు పోతాది.
రెండు, ఇండ్ల ముందర మెట్లకు.
మూడో నంబరు కాలవ మీదికి, దొడ్డిగోడకు.
పారేసేదంటూ లేదు."
వాళ్ళకు నాలుగు లేదు.
నేను తెర మీది కొలతను మళ్ళీ కొలిచాను.

"మీరు చెప్పరులే.
మొన్న డాక్టరమ్మ వీపు మీద వేలు పెట్టి
వేలితో కొట్టింది.
ఎడంపక్క గణగణమనె.
కుడిపక్క కింద నెర్రె బండ.
చెవితో బండలు ఏరినోణ్ణి, నాకు తెల్దా సార్.
ఈ ఫోటో ఆయమ్మ కోసరం."

వరండాలో నాలుగడుగులేసి ఆగాడు.
ఒట్టి మడమతో నేలను రెండుసార్లు తట్టి
"ఇది మన రాయే" అన్నాడు.
సుంకులమ్మ వంగి చూసింది.
తాయెత్తు ఇంకా ఆమె కొంగులోనే ఉంది.